దయ్యం పేరు అడిగిన శుక్రవారం

ఒక నవల రాసినామెకు నాలుగు ఉత్తరాలు రాశాను. అందులో ఒకటి రిజిస్టర్ పోస్టు. రచయిత్రికి చేర్చామని పుస్తకం వేసినవాళ్లు చెప్పారు. ఆమె నుంచి ఒక్క ముక్క రాలేదు. మా ఊరే యాభై ఏళ్లుగా నా మాట వినలేదు, కాబట్టి ఇది నాకు కొత్త కాదు. అయినా ఈసారి ఊరుకోను.

ఆ నవల నా మనవరాలు తెచ్చింది. పిల్లలు చదివే దయ్యాల కథ. పదిహేనేళ్ల అమ్మాయి తానెవరో దాచుకుని పరాయి ఊళ్లో బతుకుతుంది. ఆమె ఒంట్లో ఏదో శక్తి ఉంటుంది, చూపుతోనే మనుషుల్ని గోడకేసి కొడుతుంది. "తాతా, గీ కథల ఊరు మన మొయినాబాద్ లెక్కనే ఉన్నది," అంది పిల్ల. చదివాను. ఆ అమ్మాయి జొన్నల గరిసె వెనుక దాక్కుంటుంది. అక్కడి గోడ కంతలో చీరపేలిక కుక్కి ఉంటుంది. ఆ కంత మా ఇంటి గోడది, దాని సంగతి ముగ్గురికే తెలుసు. మా అమ్మ పోయింది. నేను రాయలేదు. మిగిలింది ఒక్కతే. నవల చివర్లో ఆమెను పట్టించేది ఆ ఇంటి కొడుకు. ఆ ఇంటి కొడుకును నేను.

అరవై తొమ్మిదిలో మా అమ్మ చేవెళ్లలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఒక కోస్తా గుమాస్తా కూతురు, తల్లి లేని పిల్ల, బడి అయ్యాక వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేదట. నాకు ఇరవై ఏళ్లు. చదువు మానేసి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో తిరుగుతున్నాను. మా ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్న కోపం నాకూ ఉంది, ఇప్పటికీ అది తప్పనుకోను. ఒక మధ్యాహ్నం మేం గుమాస్తాల క్వార్టర్ల మీద పడ్డాం. మొదటి రాయి నాదే. ఎవరో ఒకాయనను బయటికి ఈడ్చి ఇనుప రాడ్డుతో మోచేతి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆయన ఆ పిల్ల తండ్రి.

ఆయనను పట్నం దవాఖానకు తీసుకుపోయారు. చెయ్యి అతికేదాకా కూతురిని దాచమని మా అమ్మను బతిమాలుకున్నాడు. మా అమ్మ పిల్లను మొయినాబాద్ పక్కనున్న మా పల్లెకు తెచ్చింది.

"ఈ పిల్ల బాపు చెయ్యి ఇరగ్గొట్టి వచ్చినవ్," అంది నాతో.

"నేను కొట్టలేదవ్వా. రాయి ఒక్కటే ఏసిన."

"రాయి ఏసినోడు వేరు, రాడ్డు పట్టినోడు వేరా బిడ్డా? ఇగ నోరు మూసుకొని ఉండు."

మూసుకునే ఉన్నాను. పిల్ల నోరు తెరిస్తే కోస్తా అని తెలిసిపోతుంది. అందుకని మా అమ్మ వాడలో ఒక మాట చెప్పింది. సురంగల్‌లో ఉన్న చెల్లెలి బిడ్డ అని, దయ్యం పట్టి మాట పడిపోయిందని. వేరే వాడలో అయితే భయపడి దూరం జరిగేవాళ్లు. మాది క్రైస్తవ వాడ. దయ్యం పట్టిందంటే మావాళ్లు దూరం జరగరు, ప్రార్థన చేయడానికి వస్తారు. మా అమ్మకు ఇది తట్టలేదు.

శుక్రవారం పొద్దున పదిమంది ఆడవాళ్లు ఒక ఊరూరు తిరిగే బోధకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. తరువాతి సంగతి మా అమ్మ చెప్పగా విన్నదే. దయ్యం తన పేరు చెబితేనే వదిలిపోతుందని వాళ్ల నమ్మకం. ఇద్దరు పిల్ల చేతులు పట్టుకున్నారు. బోధకుడు జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు.

"నీ పేరేంది? యాడికెల్లి వచ్చినవ్?"

చెంపదెబ్బ. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ దెబ్బ.

"అయ్యా, జర ఇడువుండ్రి. పిల్లకు పాణం బాగలేదు," అంది మా అమ్మ.

"నువ్వు జాలిపడ్డకొద్ది దానికి బలమొస్తది చెల్లె. జరుగు."

పెదవి చీలింది. ముక్కునుంచి రక్తం పావడా మీద పడింది. గంటసేపు ఓర్చుకుని, చివరికి తన పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. "మా నాన్న చేవెళ్ల ఆఫీసులో గుమాస్తా అండి. నన్ను కొట్టకండి," అంది. దయ్యం నోరు విప్పిందని ఆడవాళ్లు సంతోషంతో ఏడ్చారు.

ఆ శుక్రవారం నేను చేవెళ్ల ఠాణాలో ఉన్నాను. బస్సు తగలబెట్టామని అరికాళ్ల మీద లాఠీలతో కొట్టారు. శనివారం పొద్దున్నే వదిలారు, కుంటుకుంటూ ఇల్లు చేరాను.

అప్పటికే బోధకుడు చిల్కూరులో ప్రార్థన కూటం పెట్టి సాక్ష్యం చెబుతున్నాడు. కోస్తా గుమాస్తా బిడ్డ దయ్యమై తిరుగుతుంటే వెళ్లగొట్టానని, పేర్లతో సహా. వింటున్నవాళ్లలో దయ్యాలను నమ్మనివాడు ఒక్కడుంటే చాలు, మా ఇంట్లో ఉన్నది కోస్తా పిల్లేనని తెలిసిపోతుంది. ఉన్నాడు.

మధ్యాహ్నానికి పన్నెండు మంది మా గడపలో నిలబడ్డారు. అందరూ నాకు తెలిసినవాళ్లే.

"జరుగు తమ్మీ. నువ్వు మనోనివే గదా," అన్నాడు ముందున్నవాడు.

"మా చిన్నమ్మ బిడ్డ అన్నా."

"అయితే మాట్లాడుమను, ఇందాం."

నేను రోకలి తీశాను. వాడి మోకాలి చిప్ప పగిలింది. సైకిలు చైను నా ఎడమ చెవి మీద పడింది. సగం చెవి తెగి మెడ మీద వేలాడింది. కిందపడ్డాక దవడ మీద తొక్కారు. ఈలోగా మా అమ్మ పిల్లను పెరటి దారిన బండెక్కించి, పైన జొన్న చొప్ప పరిచి శంకర్‌పల్లి స్టేషనుకు తోలించింది. బండెక్కేముందు పెరటి గుమ్మంలో పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగింది. ముందున్నవాడు నన్ను మనోనివే అనడం ఆమె విన్నది.

"నువ్వే చెప్పావు," అంది.

నా నోటి నిండా రక్తం. తరువాత దోస్తులు నన్ను కోస్తావాళ్లకు కొమ్ముకాసినవాడన్నారు. వాడవాళ్లు గుంపును తెచ్చినవాడన్నారు. రెండు నిందలూ నా మీదే నిలిచాయి. ఇప్పుడు అచ్చులో మూడోసారి.

ఈ నవల రాసిన అమ్మా, నిన్ను ఎవరూ పట్టించలేదు. నీ మేలు కోరి కొట్టినవాళ్లే, దేవుడి కార్యమని నీ పేరు ఊరంతా చెప్పుకున్నారు. శుక్రవారం నువ్వు పేరు చెప్పిన ఆ గదిలో నేను ఉన్నానా? నీ కళ్లతో నువ్వు చూసిందే చెప్పు. ఉన్నానా, లేనా? నాకు డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. జవాబివ్వు.