ముప్పావంగుళం తక్కువ

కనకరత్నం గారు ఎదురుపడితే చేతులు జోడించకూడదు, చాపాలి. ఆయన లాల్చీ జేబులోంచి టేపు తీసి, భుజం దగ్గర్నుంచి మణికట్టు దాకా రెండు చేతులూ కొలిచి, ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుని, అప్పుడు గానీ "బాగున్నారాండీ?" అని అడగరు. పెళ్లయినా పరామర్శయినా ఇదే వరస. మా పెదనాన్నగారు పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చి నా చేతులు పట్టుకుంటే నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. తీరా చూస్తే కొలుస్తున్నారు.

ఆయన ముదినేపల్లి వైపు సర్వేయరుగా చేసి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో మా పక్కింట్లో దిగారు. సొంత బావమరిది పొలం గట్టు జానెడు జరిగిందని రికార్డులో రాసి, పదేళ్లపాటు అత్తారింట్లో మంచినీళ్లకు కూడా నోచుకోని మనిషి. ఏజెన్సీ సర్వేకి వెళ్లినప్పుడు అక్కడి కోయ పెద్దల దగ్గర వెదురు విల్లు చెయ్యడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఇల్లంతా బొంగులు, గోగునార, గాజు పెంకులు. విల్లు బద్దని నున్నగా గీకడానికి గాజు పెంకుని మించింది లేదంటారు. వాళ్లావిడ సత్యవేణి గారు ఆ ఇంట్లో చెప్పులు లేకుండా నడిచి చాలాకాలమైంది.

కొలతల పిచ్చి మాత్రం పోయిన వేసవిలోనే మొదలైంది.

"విల్లు రవిక లాంటిదండీ. ఎవరి కొలతకి వాళ్లకి చెయ్యాలి. మీకూ ఒకటి చేస్తాను" అన్నారు నాతో.

నేను సంబరపడ్డాను. నెల తర్వాత అడిగాను.

"నా విల్లు ఎంతవరకూ వచ్చిందండీ?"

"వెదురు ఆరాలండీ."

మూడు నెలల తర్వాత అడిగినా వెదురు ఆరాలి. వీధిలో ఎవరడిగినా అదే జవాబు.

కొలిస్తే కొలిచారు, ఆ ఫలితాన్ని పాల బూత్ దగ్గర నలుగురిలో ప్రకటించడం ఏమిటి? "మీ ఎడమ చెయ్యి ముప్పావంగుళం తక్కువండీ!" అన్నారు, ఊరేగింపులో మైకు పట్టుకున్నవాడిలా. మా ఆవిడ శ్యామల మొహం చిన్నబుచ్చుకుని, "పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదేవండీ!" అంది. మర్నాడు ఆవిడకీ కుడి చెయ్యి అరంగుళం తక్కువని తేలాక గానీ నాకు కాఫీ రుచించలేదు. ఇలా ఒక్కొక్కరే తేలుతూ, దసరా నాటికి మా వీధిలో రెండు చేతులూ సరిసమానంగా ఉన్న ప్రాణి లేకుండా పోయింది. జనానికి అదో కాలక్షేపం. "నీదెంత?" "పావంగుళమే." "అబ్బో, అదృష్టవంతుడివి!"

వీధి చివర నర్సు జాయ్సీ గారి అమ్మాయి హెప్సిబా ఉంటుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. చిన్నప్పుడు మెట్ల మీంచి పడటంతో ఎడమ మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుని, పూర్తిగా చాపలేదు. ఎంత ఎండలోనైనా ఆ చేతిమీద చున్నీ కప్పుకునే తిరిగేది. కనకరత్నం గారు పెరట్లో విల్లు ఎక్కుపెడుతుంటే గోడ అవతల నిలబడి కన్నార్పకుండా చూసేది. కాలేజీ విలువిద్య జట్టులో చేరతానంటే, అక్కడి కోచ్ "చెయ్యే చాపలేవు, నీకెందుకమ్మా?" అన్నాడట. డిసెంబరులో ఏలూరులో యూనివర్సిటీ సెలక్షన్స్, కాలేజీ జట్టులో లేకపోయినా నేరుగా వెళ్లొచ్చు. చదువు అయిపోతోంది గనక ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం.

ఒక పొద్దున్న పాల బూత్ దగ్గర అందరూ ఎవరి లోటు వాళ్లు చెప్పుకుని నవ్వుకుంటుంటే, హెప్సిబా తనంతట తనే ముందుకొచ్చి చున్నీ తీసేసింది.

"నాదీ కొలవండి తాతగారూ."

ఆయన నాకు కొలిచినట్టే కొలిచి, అదే గొంతుతో, "నాలుగంగుళాలు తక్కువమ్మా! వీధికే ఫస్టు!" అన్నారు. అందరికంటే ముందు ఆ పిల్లే నవ్వింది.

అప్పుడు మొదలైంది అసలు యుద్ధం, ఆ చేతికి సరిపడా విల్లు చెయ్యడం. "మిగతావాళ్ల విల్లు ఇరవయ్యేడు అంగుళాలు లాగితే ఇచ్చే బలం, ఇది ఇరవై మూడుకే ఇవ్వాలండీ. పొడుగ్గా ఉంచితే బాణం మధ్యలోనే సోలిపోతుంది, పొట్టిగా చేస్తే విల్లు విరుగుతుంది" అన్నారు. చేసిన విల్లుని గోడకి తగిలించి, తాడు నా చేతికిచ్చి లాగమని, ఆయన పదడుగుల దూరంలో నిలబడి రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయా అని ఒంటికన్నుతో చూసేవారు.

"ఇంకొంచెం లాగండి... పై కొమ్ము మొండికేస్తోంది... ఆపండీ!"

ఫట్!

"నేనేనాండీ విరిచింది?"

"ఛఛ, వెదురు విరిగిందండీ. మీరు పక్కన ఉన్నారంతే."

నిట్టూర్పు లేదు, విసుగు లేదు. ముక్కలు ఊడ్చేసి ఇంకో బొంగు దించేవారు. ఫట్మన్నప్పుడల్లా మా వంటింట్లోంచి శ్యామల "రెండు... మూడు..." అని లెక్కపెట్టేది. మూడో విల్లు విరిగేసరికి సెలక్షన్స్‌కి ఇంక ఇరవై రోజులే. అటకమీద బాగా ఆరిన బొంగు ఒక్కటే మిగిలింది. కొత్తది కొట్టి తెచ్చినా ఆరడానికి ఏడాది పడుతుంది.

"పోనీ వదిలేద్దామాండీ?" అన్నాను.

ఆయన నావైపు ఎలా చూశారంటే, నేను మారు మాట్లాడకుండా తాడు పట్టుకున్నాను. ఆ ఒక్క విల్లునీ వెంట్రుకంత చొప్పున పన్నెండు రోజులు గీకారు. పదమూడో రోజు లాగాను. వంగింది. ఇంకా లాగాను. రెండు కొమ్ములూ సమంగా వంగి నిలిచాయి. వంటింట్లోంచి "ఏవండీ, నాలుగు వినపడలేదేం?" అని శ్యామల పరుగెత్తుకొచ్చింది. ఆ పూటనుంచి హెప్సిబా రోజూ పెరట్లోనే.

ఏలూరు మైదానంలో మొదటి నలుగురినే తీసుకుంటారు. ఆఖరి విడత బాణాలకి వచ్చేసరికి హెప్సిబా అయిదో స్థానంలో ఉంది. కనకరత్నం గారు కంగారు పట్టలేక ఎర్ర పుస్తకం నా చేతిలో పెట్టి, స్కోరు రాసే ఆయన చేతులు కొలవడానికి వెళ్లారు. నాకూ కంగారుగానే ఉంది. ఊరికే పేజీలు తిప్పాను.

శ్యామల: కుడి 22, ఎడమ 22. పాలబ్బాయి: 24, 24. నా పేరు: 24, 24. పేజీ తర్వాత పేజీ, అన్నీ సమానమే. హెప్సిబా దగ్గర మాత్రం తేడా.

ఆయన తిరిగి రాగానే పుస్తకం చూపించాను. "ఏంటండీ ఇది? నాకు ముప్పావంగుళం తక్కువన్నారు! ఎనిమిది నెలలుగా కుంగిపోతున్నాను!"

ఆయన మెల్లగా, "ఆ పిల్ల ఒక్కదాని చెయ్యే కొలిస్తే ఏం బాగుంటుందండీ?" అన్నారు.

"మరి పుస్తకంలో నిజమే రాశారే?"

"నోటితో ఎన్నయినా అనొచ్చండీ. రికార్డులో తప్పెలా రాస్తాం?"

ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది. కానీ ఏలూరు జనం ముందు బాగుండదని ఊరుకున్నాను. ఇంతలో హెప్సిబా ఆఖరి బాణం వదిలింది. వంకర మోచెయ్యి వంకరగానే ఉంది, బాణం మాత్రం తిన్నగా వెళ్లి గురి నడిమధ్య పసుపు రంగులో దిగింది. రెండు పాయింట్ల తేడాతో నాలుగో స్థానం!

మర్నాడు పొద్దున్న పాల బూత్ దగ్గర కనకరత్నం గారు టేపు తీశారు. ఎవరో కొత్తగా అద్దెకి దిగినాయన బిత్తరపోయి చూస్తున్నాడు. నేనే ముందుకెళ్లి ఎడమ చెయ్యి చాపాను.

"ఎంతండీ?" అన్నాను గట్టిగా.

"ముప్పావంగుళం తక్కువండీ!"

"అంకుల్‌కి ఇంకా పెరగలేదా తాతగారూ?" అంది హెప్సిబా. పాల పాకెట్టు ఎడమ చేతిలో ఉంది, చున్నీ ఉండాల్సిన చోట ఉంది.

"లేదమ్మా, పాపం."

అందరూ ఘొల్లుమన్నారు. నేను పళ్లు కొరుక్కుంటూ రెండో చెయ్యి చాపాను.