కాంటా బయటి టీవీ ఆరిపోయిన రోజు

నేను పనిచేసే చోట లారీలను తూస్తాం. ఒకసారి బేరాల్లేక తోచక, నేనే వెళ్లి కాంటా నట్టనడుమ నిలబడి మెడ తిప్పి అంకె చూశాను. సున్నా. వానాకాలం కదా, ఇనుప పలకల సందుల్లో మట్టి ఇరుక్కుని నాలాంటి చిన్న బరువుకు కదిలి ఉండదు. ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే మా ఆవిడ గిన్నెలు తోముతూ తల కూడా ఎత్తలేదు. "మిషిన్ మంచిగనే పనిచేస్తున్నది గదా, గింతదానికి పరేషానెందుకు" అంది.

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు వస్తుంటే హైవేని ఆనుకుని మా కాంటా ఉంటుంది. నేలకు సమంగా పెద్ద ఇనుప పలక, దాని పక్కన కిటికీ ఉన్న ఒక గది, ఆ గదిలో నేను. మావైపు దీన్ని ధరమ్ కాంటా అంటారు. బండి పలక మీదకు ఎక్కుతుంది, లోపల కంప్యూటర్ మీద బరువు పడుతుంది, నేను మీట నొక్కితే చీటీ వస్తుంది. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష ఎగ్గొట్టి చేపలు పట్టడానికి పోయినవాడిని నేను. ఆ తర్వాత బడి మొహం చూడలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే అంకెలతోనే కాపురం.

కాంటా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టింది కాదు, కానీ ఎవరూ తప్పరు. సరుకు అమ్మేవాళ్ల తరఫున ఇద్దరు ఉండాలి. ఒకరు లోపలికి వచ్చి అంకె చూడాలి, ఒకరు బయట నిలబడి చక్రాలు చూడాలి. ఎందుకంటే ఒక్క చక్రం పలక అంచు దాటి నేల మీద ఆనిందనుకోండి, బరువు తగ్గిపోతుంది. కొనేవాళ్లకూ ఇదే అనుమానం, తిరగేసి. లోపలికి పోయి అంకె చూసేలోగా అమ్మేవాళ్ల మనిషి ఎవడైనా పలక మీద కాలు పెట్టి నిలబడితే? అందుకని కొనేవాళ్లూ జంటగానే వస్తారు. పెళ్లిచూపులకు కూడా ఇంత పకడ్బందీగా రారు.

ఒంటరిగా వచ్చేవాళ్ల కోసమని మా ఓనరు పటేల్ గది పైన బయటికి చూసేట్టు పెద్ద టీవీ బిగించాడు. లోపల కంప్యూటర్‌లో పడే బరువు బయట టీవీలో కూడా పడుతుంది. చక్రాల దగ్గర నిలబడే అంకె చూసుకోవచ్చు. మా కంప్యూటర్ పాతది, దానికి ఒక తెర తగిలించడానికే చోటుంది. రెండో తెర కోసం అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పటాన్‌చెరులో కొన్నాం. ఒక తోక కంప్యూటర్‌లో, ఇంకో తోక టీవీలో. ఏ కంపెనీదో దాని మీద రాసే ఉంది, కానీ ఆ పేరును కొన్నవాడూ పలకలేడు, అమ్మినవాడూ పలకలేడు.

ఆ టీవీ వచ్చాక నాకు నోరు పెరిగింది. నిండు లారీ ఎక్కితే కిటికీలోంచి "సున్నా, ఖాళీ బండి తెచ్చినవా అన్నా" అని అరిచేవాడిని. ఖాళీ ఆటో ఎక్కితే "పది టన్నులు, పోలీసోళ్లు పడ్తరు జల్దీ పో" అనేవాడిని. అందరూ టీవీ వైపు చూసి నవ్వేవాళ్లు. నా జోకులకు జామీను ఆ టీవీయే అని అప్పట్లో నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున కంది వైపు నుంచి ఒక అక్క ఖాళీ ట్రాక్టర్ తోలుకుని వచ్చింది. ఆమె నాకు కొత్త కాదు, ప్రతి పంటకూ మా కాంటాకే వస్తుంది. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు కాబట్టి ట్రాక్టర్ తోలడం ఆమే నేర్చుకుంది. ఒంటరిగా వస్తుంది, అందుకే టీవీ ఉన్న కాంటా కావాలి. ఒకసారి వేరేచోట అంకె చూద్దామని లోపలికి వెళ్లి వచ్చేసరికి ట్రాలీ వెనక చక్రం అంచు మీద కనిపించిందట. అప్పటినుంచి ఆమె చక్రాల పక్క నుంచి కదలదు.

ముందు ఖాళీ బండి తూకం, తర్వాత నిండు బండి తూకం. పలక మీదకు ఎక్కగానే నేను కిటికీలోంచి అరిచాను.

"ఐదు టన్నులు. ఖాళీ ట్రాలీల ఏం దాచినవ్ అక్కా?"

ఆమె టీవీ చూసింది. మూడు వేల ఏడు వందల నలభై కిలోలు. "నిన్నే దాస్త, దిగిరా" అంది. చీటీ తీసుకుని మొక్కజొన్నలు నింపుకోవడానికి వెళ్లిపోయింది. సర్వీసు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి, ఎండి గలగలమంటున్నాయి, ఇవాళ గింజల వ్యాపారి సేటు కొంటానన్నాడు అని చెప్పి మరీ వెళ్లింది.

ఆ తర్వాత కాసేపు బండ్లు రాలేదు. కంప్యూటర్ తెర మీద నీలం డబ్బా ఒకటి వచ్చింది. అప్డేట్ చేయమని అది అంతకుముందు చాలాసార్లు అడిగింది, నేను చాలాసార్లు పొమ్మన్నాను. ఆ రోజు మాత్రం, ఎవరూ లేనప్పుడు అడుగుతోంది పాపం, అనిపించింది. నొక్కాను. అది కాసేపు గుండ్రంగా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది, ఆరిపోయి లేచింది. నా ముందున్న తెర నిగనిగలాడుతూ వచ్చింది. చాయ్ తాగుదామని బయటికి వెళ్లి ఎందుకో పైకి చూశాను. టీవీ నల్లగా ఉంది.

అగ్గిపెట్టెంత డబ్బా తోకలు పీకి పెట్టాను. టీవీ ఆపి వేశాను. నెత్తిన రెండు దెబ్బలు కూడా వేశాను, టీవీకి ఒకటి, నాకు ఒకటి. లాభం లేదు. డబ్బా అమ్మినాయనకు ఫోన్ చేశాను.

"అప్డేట్ ఏమన్న చేసినవా?" అన్నాడు హలో కంటే ముందు.

"నేను చెయ్యలె, అదే అడిగింది."

"ఇగ అంతే భయ్. పొద్దటి సంది నువ్వు నాలుగోవానివి. కొత్త అప్డేట్ మన డబ్బాను గుర్తు పడ్తలేదు. డబ్బా కంపెనీనడిగితే కంప్యూటరోళ్లది తప్పంటుండ్రు, కంప్యూటరోళ్లనడిగితే బయటి డబ్బాలతోటి మాకు సంబంధం లేదంటుండ్రు."

నాకు అర్థమైంది. మా సర్వీసు రోడ్డు మీద గుంతకూ ఇదే కథ, ఊరివాళ్లు హైవే వాళ్లదంటారు, హైవే వాళ్లు ఊరివాళ్లదంటారు, బైకులు మాత్రం ఎవరిదని అడగకుండా అందులో పడతాయి. అప్డేట్ వెనక్కి తీసే పద్ధతి ఉందట, సాయంత్రం దుకాణం మూసి వచ్చి చేస్తానన్నాడు.

సాయంత్రం దాకా ఎవరు ఆగుతారు? మధ్యాహ్నానికే అక్క ట్రాక్టర్ వచ్చింది, ట్రాలీ నిండా పచ్చటి బంగారంలా మక్కలు. వెనకాలే బండి మీద సేటు వచ్చాడు. ఆ వెనకాలే, ఎవరూ పిలవకుండా, ముత్తంగి వైపు నుంచి మబ్బు కూడా వచ్చింది.

ఆ మబ్బు చూడగానే అక్క మొహం మారింది. పట్టా ఉన్నది ఒకటే, దాన్ని రోడ్డు మీద మిగిలిన కుప్ప మీద కప్పి వచ్చింది. సేటు గోదాము మా కాంటా పక్క సందులోనే ఉంది, చీటీ చేతికొస్తే ట్రాక్టర్ దాని రేకుల కిందికి పోతుంది. కానీ చీటీ వచ్చేదాకా సరుకు రైతుదే. ఈలోపు తడిస్తే సేటు కొనడు, మళ్లీ ఆరబోయాలి. వానలు పట్టుకున్నాక ఆరేది లేదు, మొలకలొచ్చేదే. ఒక పంట మొత్తం నా కిటికీ ముందు మూత లేకుండా నిలబడి ఉంది.

"టీవీ ఏమైంది తమ్మీ?"

"ఆరిపోయిందక్కా. నేను చెప్త విను, ఎనిమిది వేల తొమ్మిది వందల ఇరవై."

జీవితంలో అంత నిజాయితీగా ఒక అంకె చెప్పడం అదే మొదటిసారేమో. ఆమె టీవీ వైపు చూసింది. నల్లటి టీవీ. నా వైపు చూసింది.

"పొద్దుగాల ఖాళీ ట్రాలీ ఐదు టన్నులన్నవ్."

"అది మస్కిరీ అక్కా."

"ఇది గాదని ఏందీ గ్యారంటీ?"

సేటు బండి మీద నుంచే అందుకున్నాడు. "మొన్న నా లారీని సున్నా అన్నడు. వీని మాట మీద నేను చీటీ తీస్కోను."

"లోపటికొచ్చి సూడుర్రి మరి" అన్నాను.

"నేను లోపటికొస్తె చక్రాలెవరు సూస్తరు?" అంది అక్క.

"నేను లోపటికొస్తె ఆమె పలక మీద నిలవడదని ఏంది?" అన్నాడు సేటు.

ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తానన్నాను. ఎప్పటి ఫొటోనో ఎవరికెరుక అన్నారు, ఇద్దరూ ఒకే గొంతుతో. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒక మాట మీద నిలబడటం నేను మొదటిసారి చూశాను, అది నా అబద్ధం మీద. రోడ్డు అవతల ఇంకో కాంటా ఉంది, కానీ అక్కడికి పోవాలంటే ఎక్కడో పోయి యూటర్న్ తీసుకుని రావాలి. ఆమె మబ్బు వైపు చూసింది, అవతలి కాంటా వైపు చూసింది, తాళం చెవి మీద చెయ్యి వేసింది.

"ఆగక్కా" అన్నాను. ఏం చేయాలో అప్పటికి నాకూ తెలియదు.

గదిలో చూశాను. బయటి తెర చచ్చింది సరే, లోపలి తెర బతికే ఉంది కదా. బల్లను కిటికీ దాకా గుంజి, నా ముందున్న కంప్యూటర్ తెరను ఎత్తి కిటికీ గట్టు మీద బయటికి మొహం తిప్పి పెట్టాను. తోకలు తెగేంత బిగుసుకున్నాయి కానీ సరిపోయాయి. ఇప్పుడు అంకె వాళ్లకు కనిపిస్తుంది. నాకు తెర వీపు, దాని మీద దుమ్ము కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు నేను చెప్ప. మీరే సదివి చెప్పుర్రి, నేను నొక్కుత."

ఇద్దరూ మెడలు చాచారు.

"నీలి డబ్బా ఒకటి అడ్డమొచ్చింది తమ్మీ" అంది అక్క.

సేటు అడుగు ముందుకేసి చదివాడు. "ఇంకేదో మిగిలిందంట. మళ్ల ఆపి లేపాల్నంట. ఇప్పుడా, తర్వాతనా అని అడుగుతున్నది."

"తర్వాత. తర్వాత నొక్కాలె. ఎక్కడున్నది?"

సేటు వేలితో చూపించాడు. "కుడికి" అంది అక్క.

ఆమె తెరకు అటువైపు ఉంది, నేను ఇటువైపు ఉన్నాను. ఆమె కుడి నాకు ఎడమ కదా అని తెలివిగా మౌసు ఎడమకు తోశాను.

"కుడికి అంటె ఎడమకు పోతవేంది?"

"నీ కుడి నాకు ఎడమ గదక్కా."

"నువ్వు ఆలోచన చెయ్యకు. కుడికి అంటె కుడికి తొయ్యి."

తోశాను. "ఇంకా", "ఇంకా జెర", "దాటిపోయింది", "ఎనుకకు రా", "కిందికి" అని ఇద్దరూ చెరో పక్క నుంచి అరుస్తున్నారు. లారీ రివర్స్ చేయించేటప్పుడు క్లీనర్లు కూడా అంత ప్రేమగా పిలవరు. కిటికీ రేకు మీద మొదటి చినుకు టప్పున పడింది.

"ఇగ ఆగు, గక్కడనే. ఏమన్న నొక్కేది ఉంటె ఇప్పుడు నొక్కు" అన్నాడు సేటు.

"తర్వాత మీదనే ఉన్నదా?" అన్నాను. నామీద నాకు నమ్మకం పోయింది.

"నీ తల్లి, నొక్కు."

నొక్కాను. అవతల ఇద్దరూ ఊపిరి వదిలారు. అక్క ఒక్కసారి చక్రాల వైపు చూసింది, అన్నీ పలక మీదే ఉన్నాయి. ఆమెకు బడి లేదు కానీ అంకెలు వచ్చు. ఒక్కొక్కటే చెప్పింది.

"ఎనిమిది. తొమ్మిది. రెండు. సున్నా."

సేటు తల ఊపాడు. నేను మీట నొక్కాను. చీటీ గరగరమని బయటికి వచ్చింది. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని ట్రాక్టర్ ఎక్కి, నేను కిటికీలోంచి తల బయట పెట్టేలోగా సందులోకి తిప్పేసింది. ఆ తర్వాత వాన దబదబా దిగింది. తెర తడవకుండా లోపలికి లాక్కుని దాని మొహం నా తువ్వాలుతో తుడిచాను. తుడుస్తుంటే గుర్తొచ్చింది, ఆమె చదివిన అంకె నేను మొదట చెప్పిందే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని నేను కాస్త ఆగాను కూడా.

వాన వెలిశాక అక్క ఖాళీ ట్రాక్టర్‌తో తిరిగి వచ్చింది. గోదాములో సేటు గుప్పెడు మక్కలు తీసి కొరికి చూసి సరే అన్నాడట. రోడ్డు మీది కుప్ప పట్టా కింద పొడిగానే ఉందని పక్క చేనువాళ్లు ఫోన్ చేశారట. చాయ్ కోసం మా గది ముందు ఆపింది. టీవీ ఎలా పోయిందని అడిగితే, తోచక అప్డేట్ నొక్కిన సంగతి చెప్పేశాను. డబ్బా అమ్మినాయన ఇంకా రాలేదు, టీవీ ఇంకా నల్లగానే ఉంది, నా తెర మళ్లీ కిటికీలో బయటికి చూస్తోంది. నాకు కొంచెం ఉక్రోషంగానే ఉంది.

"అక్కా, అంకెలు నువ్వే చదువుతున్నవ్, మౌసు నువ్వే తిప్పుతున్నవ్. రేపటి సంది నువ్వే ఈడ కూసో. నీ ట్రాక్టర్ నాకియ్యి, నేను తోల్కుంట."

ఆమె చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగింది.

"ఇస్త, తీస్కపో. గని సీటు పక్కకు ఎర్ర హ్యాండిలొకటి ఉంటది తమ్మీ, అది గుంజితె ట్రాలీ లేచి మక్కలన్ని రోడ్డు మీద పడ్తయ్. అది కండ్ల ముంగట కనవడుతుంటె నువ్వు ఊకుంటవా?"