పిన్నిని నేను క్షమించిన రోజు

ఇరవై మూడేళ్ళ వయసులో నా మీద నాకున్న నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు కాస్త భయం వేస్తుంది. ఆ రోజుల్లో మా భిలాయ్ ఉన్న రాష్ట్రమూ కొత్తదే, నా పరిశోధనా కొత్తదే. (కాలేజీ బోర్డు మీద పాత రాష్ట్రం పేరు కనిపించకుండా కాగితం అంటించారు. వాన వస్తే అది ఊడిపోయి మేము మళ్ళీ పాత రాష్ట్రంలోకి వెళ్ళిపోయేవాళ్ళం.) చిటికెన వేలి గోరంత పొడవు, వెంట్రుకంత మందం ఉన్న ఉక్కు రేకును రెండు చివరలా బిగించి, దాన్ని కంపింపజేసి, ఏ వేగం దగ్గర ఎంత ఊగుతుందో రాసుకోవడమే నా పని. భిలాయ్‌లో ఉక్కు అంటే టన్నుల్లోనే మాట. ప్లాంటులో పనిచేసే మా నాన్న ఒకసారి వచ్చి ఆ రేకును చాలాసేపు వెతుక్కుని, "ఇంతేనా?" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

రేకు మీద పడిన కాంతి ఎదుటి గోడపై గ్రాఫు కాగితం మీద గీతలా కనబడేది. రేకు ఎంత ఊగితే గీత అంత పొడుగు. పొద్దున్న నేను కంపన వేగాన్ని మార్చే డయల్‌ని కింది అంకె నుంచి పైకి తిప్పుతూ కొలతలు రాసేదాన్ని. మధ్యాహ్నం నేను క్లాసు చెప్పడానికి వెళ్తే, అదే పని మా లాబ్ అటెండెంట్ చేసేది. క్యాంప్ 2 బస్తీలో ఉండేది, శ్రీకాకుళం వైపు కుటుంబం. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. పదో తరగతి వరకే చదివినా నా అంకెల కంటే ఆవిడ అంకెలే శుభ్రంగా ఉండేవి.

ఆ శుభ్రమే నాకు అనుమానం తెచ్చింది. డయల్ రెండు చివర్లలో మా కొలతలు అచ్చం ఒకటే. మధ్యలో మాత్రం పొంతన లేదు. నాకు పొడవాటి గీత వచ్చిన చోట ఆవిడకు పొట్టి గీత. నెల రోజులు ఇదే వరస. భోజనం చేసి కునుకు తీసి, తోచినవి రాసేస్తోందని తేల్చేసుకున్నాను. మా గైడ్ సార్‌కి చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే "ఠీక్ హై, స్టోర్‌లో బిఠా దో" అన్నారు.

స్టోర్ అంటే కిటికీ లేని గది. ఇక అక్కడే కూర్చోవాలన్న మాట పిన్నికి నేనే వెళ్ళి చెప్పాను. పిన్ని నోటుబుక్కు మూసింది.

"నాను అబద్ధం రాసేనేటి పాపా?"

"నేనలా అనలేదు."

"అలగే అన్నావు. స్టోర్‌కి ఎల్తాన్లే. ముందు నువ్వు ఒక్క మద్దేన్నం నా సోట్లో కూకో. నాను ఎనకాల నిలబడి సూస్తాను."

సరే, నిరూపించేద్దామని కూర్చున్నాను. అలవాటు ప్రకారం డయల్‌ని మొదటికి తిప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "అలగ కాదు. పొద్దున్న నువ్వు ఎక్కడ వొగ్గేసి ఎల్లిపోతావో, నాను అక్కణ్ణుంచి ఎనక్కి వొస్తాను. మళ్ళీ మొదలెట్టమని నువ్వెప్పుడూ సెప్పలేదు."

పై నుంచి కిందికి తిప్పుతూ వచ్చాను. గీత చాలాసేపు పొట్టిగానే ఉండి, ఒకచోట ఉన్నట్టుండి పొడుగైంది. ఒక్కో అంకె రాసి ఆవిడ నోటుబుక్కుతో పోల్చుకున్నాను. అన్నీ పిన్ని అంకెలే. గట్టిగా ఊగే రేకు ఎటునుంచి వచ్చామన్నది బట్టి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. నా పరిశోధన అంతా దాని గురించే. (పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి. పుస్తకంలో ఉన్నది బల్ల మీద కూడా జరుగుతుందని తోచలేదు, అంతే.) వెనక్కి తిరిగేసరికి పిన్ని లేదు. స్టోర్‌కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే సార్‌కి నా తప్పు చెప్పేశాను. ఆదివారం క్యాంప్ 2కి వెళ్ళాను. పిన్ని చర్చి నుంచి వచ్చి గుమ్మంలో చేపలు బాగుచేస్తోంది. భిలాయ్‌లో పుట్టి పెరిగిన నాకు హిందీలో అయితే మాట తడుముకోకుండా వస్తుంది. కానీ ఈ మాట తెలుగులోనే చెప్పాలని దారంతా కూడబలుక్కున్నాను. తీరా ఎదురుగా నిలబడి, గంభీరంగా అన్నాను:

"మిమ్మల్ని క్షమించాను పిన్నీ."

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు? నన్ను?"

"అవును. మనస్ఫూర్తిగా."

"మంచిదే. కూకో. పులుసు తినేసి ఎల్లు."

తిన్నాను. తేలికపడిన మనసుతో ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, అమ్మ గరిటె పక్కన పెట్టి నవ్వు ఆపుకోలేక కూలబడింది. "క్షమించండి" అనబోయి నేనన్నది ఏమిటో అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. సోమవారం పిన్ని లాబ్‌కి తిరిగొచ్చింది. నేను సరిదిద్దబోతే వినలేదు. "తెలిసిందిలే. నాను రాసింది నమ్ము, సాలు" అని డయల్ ముందు కూర్చుంది.

ఆ కొలతలతోనే నా మొదటి వ్యాసం అచ్చయింది. ఇప్పుడు కంటికి కనబడని రేకులతో పని చేస్తున్నాను. నా వ్యాసాల జాబితా పొడుగైంది, ఆ మొదటిది అట్టడుగున ఉంది. "వెనక్కి వచ్చేటప్పుడు ఈ తేడాను మేము గమనించాం" అని ఉంటుంది అందులో. ఆ "మేము"లో పిన్నిని కలుపుకుని ఇప్పుడు చదువుకుంటాను. రాసిన రోజున మాత్రం అందులో సార్, నేను, అంతే. ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత ఆ వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకుంటాను.