దండ తీసేసిన నలుగురు

కోవిడ్ తగ్గి గల్ఫ్ హోటళ్లు మళ్లీ నిండటం మొదలుపెట్టిన ఏడాది, ఖరీఫ్‌కు కొద్దిగా ముందు, నన్ను మస్కట్ నుంచి ఒమాన్ దక్షిణ కొసన ఉన్న సలాలాకు బదిలీ చేశారు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టులో ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్ పోస్టు. ఖరీఫ్ అనగానే మనకు వరినాట్లు, ఎరువుల బస్తాలు గుర్తొస్తాయి. సలాలాలో ఆ మాటకు అర్థం వేరు. తక్కిన గల్ఫ్ అంతా మాడిపోతుంటే అక్కడ మాత్రం కొండలు పచ్చబడి రోజంతా తుంపర పడే కాలం అది. ఆ తుంపరలో తడవడానికి చుట్టుపక్కల దేశాల నుంచి కుటుంబాలతో సహా కార్లు వేసుకుని వచ్చేస్తారు. మాకు మాత్రం ఆ తుంపరంటే బూజు పట్టే కర్టెన్లు, ఆరని తువాళ్లు.

హౌస్‌కీపింగ్ అంటే గదులు ఊడ్చి దుప్పట్లు మార్చడమని చాలామంది అనుకుంటారు. మా తెనాలి బంధువులు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు, నేను దిద్దడం మానేశాను. గదులతో పాటు లాబీ, లాండ్రీ, యూనిఫారాలు, దుప్పట్లూ తువాళ్లూ భద్రపరిచే లినెన్ రూమ్, చాలాచోట్ల తోట, పూల అలంకరణ కూడా ఆ శాఖ కిందికే వస్తాయి. విందులు చూసేది బాంకెట్ శాఖ. వాళ్లు ఒక విందు ఖాయం చేసుకోగానే తక్కిన శాఖలకు ఫంక్షన్ షీట్ పంపుతారు. ఎన్ని కుర్చీలు, ఏ రంగు గుడ్డలు, ఏ పూలు, అన్నీ అందులో ఉంటాయి. సలాలాలో నాకు అందిన మొదటి షీట్ మీద ‘హవాయి నైట్’ అని ఉంది. పూల గడిలో ప్లాస్టిక్ దండలని రాశారు. సిబ్బంది దుస్తుల గడిలో గడ్డి లంగాలని రాశారు. మా సూపర్‌వైజర్ రాజయ్యను గడ్డి లంగాలో ఊహించుకుని ఆ పూట పని చేయలేకపోయాను.

రాజయ్య జగిత్యాల వైపు మనిషి. మొదట కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ పనికి వచ్చి, తర్వాత హోటల్ పనిలోకి మారాడు. లాబీ, వరండాలు, పచ్చిక అంతా అతని చేతి కింద ఉండేది. యాభై దాటినవాడు, మాట తక్కువ, మర్యాద ఎక్కువ. తోట చూసే ఖాజా కడప మనిషి. అతనిది మాటే ఎక్కువ. వీళ్లిద్దరికీ తోడు నిజామాబాద్ జిల్లా కుర్రాళ్లు ఇద్దరు. ఈ నలుగురూ ఒకే రూమ్‌లో ఉండేవారు, ఒకే కూర వండుకునేవారు.

ఆ రోజుల్లో మా హోటల్లో నోహేయా అనే ఆవిడ చాలాకాలంగా బస చేస్తోంది. పుట్టుకతో హవాయి మనిషి. అరవైకి దగ్గరలో ఉంటుంది. భర్త పోర్టులో ఇంజనీరు. ప్లాస్టిక్ దండల అట్టపెట్టె లాబీలో దిగినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. ఒకటి తీసి కాసేపు చేతిలో పట్టుకుని తిరిగి పెట్టెలో వేసేసింది. భర్త ఉద్యోగం వల్ల తాను ఎన్నో దేశాల్లో ఉన్నాననీ, తమ వాళ్ల పేరు చెప్పి అన్నిచోట్లా ఇదే వేషం వేస్తుంటే చూసి చూసి ఒళ్లు మండుతోందనీ నాతో అంది. ఆ సీజన్ అయ్యాక వాళ్లు సలాలా వదిలి వెళ్లిపోతున్నారు. వెళ్లేలోగా ఇక్కడ ఒక్కసారైనా అసలుది జరగాలని ఆవిడ పట్టు.

జనరల్ మేనేజర్ దగ్గరికి తనే వెళ్లి షరతులు పెట్టింది. నిజమైన పూలు ఉండాలి. చేత్తో గుచ్చాలి. గడ్డి లంగాలు వద్దు. దండను మనిషి మనిషికి ఇవ్వాలి తప్ప బల్ల మీద కుప్ప పోసి తీసుకోమనకూడదు. ఆయన సరేనన్నాడు గానీ అట్టపెట్టెను మాత్రం వెనక్కి పంపలేదు, స్టోర్‌లో పెట్టించాడు. తన వల్ల కాకపోతే పెట్టె బయటికొస్తుందని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు.

వాళ్లు దండను లేయి అంటారు. దానికి వాళ్లు తరచుగా వాడే పూలలో మన దేవగన్నేరు ఒకటి. సలాలాలో అది విరివిగా పూస్తుంది, మా తోటలోనే బోలెడు చెట్లు. తెల్లవారగానే ఖాజా పూలు కోసి, తొడిమల పాలు కారిపోయేదాకా బోర్లించి, తడి ఆరాక లినెన్ రూమ్‌కు చేర్చేవాడు. హోటల్లో చల్లగా, పొడిగా ఉండే గది అదొక్కటే. మధ్యాహ్నం టీ వేళకు ఆవిడ వచ్చి కూర్చునేది. నేను పూలు కట్టడం ఎరిగినదాన్నే, అయితే మా ఇంట్లో దారంతో ముడులు వేసి కట్టేవాళ్లం. ఆవిడది గుచ్చడం. పొడవాటి సూదిని పువ్వు నడిబొడ్డున దించి, పూలన్నీ ఒకే వైపు చూసేలా ఒకదాని మీద ఒకటి కూర్చేది. ఎవరి కోసం గుచ్చుతున్నామో వారిని మనసులో తలుచుకోవాలని, కోపంగా ఉన్నప్పుడు సూది ముట్టుకోకూడదని చెప్పింది. ఖాజా వెంటనే అందుకున్నాడు.

“అట్లయితే మా తోట ఫోర్‌మన్‌కు ఈ జన్మలో గుచ్చలేను మేడం!”

నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆ రోజు నుంచి అందరికీ ఆవిడ ‘హవాయమ్మ’ అయింది. ఒక్క విషయంలో మాత్రం రాజయ్య మొండికేశాడు. ఆడ అతిథుల మెడలో తాము దండ వేసేది లేదన్నాడు.

“అది నవ్వులాట గాదు మేడం. మెడల దండ ఏసినంక ఇగ ఆమెను ఇంటికి దీస్కపోవాలె.”

ఆవిడ దానికి సులువుగానే ఒప్పుకుంది. ఆడవాళ్లకు తనూ రిసెప్షన్ అమ్మాయిలూ ఇస్తారు, మగవాళ్లకు మగవాళ్లు. తమ దగ్గర దండ వేసి చెంప మీద ముద్దు పెట్టడం కూడా ఉందని చెబితే, అది ఇక్కడ వద్దని నేను చెప్పాను. అన్నీ మాట్లాడుకున్నాం, ఇక ఏ చిక్కూ లేదనుకున్నాం.

విందుకు ముందురోజు సాయంత్రం పచ్చిక మీద రిహార్సల్. జనరల్ మేనేజర్, శాఖాధిపతులం అందరం నిలబడ్డాం. ఆవిడ ఒక పళ్లెంలో నాలుగు లేయిలు తెచ్చింది. అవి విందు కోసం కాదు. తనతో కూర్చుని పని చేసిన నలుగురి కోసం, ఒక్కొక్కరిని తలుచుకుంటూ తన గదిలో ఒక్కతే గుచ్చి తెచ్చింది. ముందు రాజయ్య మెడలో వేసి భుజాల మీద చేతులు ఉంచింది. రాజయ్య తల వంచి వేయించుకున్నాడు. మరుక్షణం దండ తీసేసి, రెండు చేతులా దండం పెట్టి, దాన్ని పక్కనున్న బల్ల మీద భద్రంగా ఉంచాడు. తర్వాత ఖాజా. అతనూ అంతే. కుర్రాళ్లిద్దరూ పెద్దవాళ్లను చూసి అచ్చం అలాగే చేశారు. బల్ల మీద నాలుగు లేయిలూ వరసగా ఉన్నాయి.

ఆవిడ ఆ వరసను ఒకసారి చూసింది. ఖాళీ పళ్లెం పట్టుకుని తన గదికి వెళ్లిపోయింది. ఇచ్చినవారి ఎదుట లేయి తీయడమంటే వాళ్లలో నీ ప్రేమ నాకు అక్కర్లేదని చెప్పడం. అది నాకు తర్వాత తెలిసింది. ఈలోగా జనరల్ మేనేజర్ అట్టపెట్టె తెప్పించమన్నాడు, అతిథిని అవమానించినందుకు రాజయ్య మీద రిపోర్టు రాసి తన బల్ల మీద పెట్టమని నాతో అన్నాడు.

నలుగురూ బిక్కచచ్చి నిలబడ్డారు.

“మంచిగనే తీస్కున్నం గద మేడం. నెత్తి వంచిన, దండం బెట్టిన. ఇంకేం జెయ్యాలె?” అన్నాడు రాజయ్య.

“మెడలో పెట్టుకోని నిలబడితే జనాలు నగరా మేడం? మా ఊర్లో పెద్ద పెద్ద లీడర్లే తీసి పక్కన పెడతారు. మేమెంత!” అన్నాడు ఖాజా.

వాళ్ల తప్పేమిటో నాకు అసలు కనిపించలేదు. మెడలో దండ పడగానే తీసేయాలని మనకు ఎవరూ నేర్పరు, సభల్లో చూసి మనకే వచ్చేస్తుంది. ఉంచుకుని కూర్చునేవాడు పెళ్లికొడుకైనా అయి ఉండాలి, పొగరుబోతైనా అయి ఉండాలి. నా మెడలో ఆ దండ పడినా నేనూ అదే పని చేసి ఉండేదాన్ని.

ఆవిడ గదికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆవిడ విన్నది గానీ నమ్మలేదు. మురికి పడితే తుడవడం నీ ఉద్యోగం, ఇప్పుడూ అదే చేస్తున్నావని ముఖం మీదే అంది. నాకు కోపం వచ్చింది, మింగాను. అంత గౌరవమే అయితే ఆ పూలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూపించమంది. నల్ల సంచిలో ఉంటాయి కదా అని కూడా అంది. ఫంక్షన్ అయ్యాక మిగిలిన పూలను సాయంత్రం షిఫ్టు దిగేలోపు తడి చెత్తలో వేయాలన్నది మా శాఖ నియమం. దాన్ని అందరి చేతా వల్లె వేయించింది నేనే.

ఇద్దరం చెత్త గదికి వెళ్లాం. సంచులు విప్పి చూశాం. అరటి తొక్కలు, కాఫీ పిప్పి తప్ప పూలు లేవు. పచ్చిక మీద బల్ల కూడా ఖాళీగా ఉంది. ఇక మిగిలింది లినెన్ రూమ్. హౌస్‌కీపింగ్‌లో మొదటి పాఠం తలుపు తట్టి, పేరు చెప్పి, ఆగి వెళ్లాలని. ఆ సాయంత్రం నేను తట్టలేదు, తలుపు ఓరగా తీసి ఉంది.

దుప్పట్ల అరల మధ్య రాజయ్య మాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫోన్. మెడలో లేయి. తక్కిన మూడూ అర కొక్కాలకు వేలాడుతున్నాయి, వాటి మీద తడి గుడ్డ కప్పి ఉంది. ఫోన్‌లో అతని భార్య గొంతు వినపడుతోంది.

“ఏందయ్యా గా దండ? ఆడ మల్ల పెండ్లి జేస్కున్నవా?”

“నీ పాడుగాను, ఏం మాటలే అవి! హవాయమ్మ ఏసింది. నా కోసమనే గుచ్చిందట, ఒక్కొక్క పువ్వు.”

“మరి గట్ల ముఖం వెట్టినవేంది?”

“ఏమో, ఆమెకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో సమజైతలేదు. మంది ముందట తీసేసిన. గిప్పుడు ఎవ్వలు లేరు గదా, నీకు సూపెడ్దామని ఏస్కున్న.”

నేను ఆవిడ చెవిలో మాట మాటకీ అర్థం చెబుతూనే ఉన్నాను. నా గొంతు విని రాజయ్య వెనక్కి తిరిగాడు. ఆవిడను చూడగానే హడలిపోయి, ఫోన్ తువాళ్ల మీద పడేసి, మళ్లీ దండ తీసేసి, మళ్లీ దండం పెట్టాడు.

ఆవిడ తువాళ్ల కట్ట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అరలో పడిన ఫోన్ నుంచి రాజయ్య భార్య ఏమైందని అడుగుతూనే ఉంది. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, ఇచ్చిన మనిషి పక్కన లేనప్పుడు తీయవచ్చన్నది తమ పద్ధతని చెప్పి, మీ దగ్గర ఇచ్చిన మనిషి పక్కన లేనప్పుడే వేసుకుంటారా అని అడిగింది. అవునన్నాను. రాజయ్యకు ఆవిడ పద్ధతి ఏమిటో చెబితే అతని ముఖం వాడిపోయింది. తెలియక అంత మాట అన్నామా అని రెండుసార్లు అడిగాడు. డ్యూటీలో ఫోన్ పట్టుకుంటే వార్నింగ్ ఇవ్వాలన్నది నియమం. నేను దుప్పట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

అక్కడి నుంచి ఆవిడే తిన్నగా జనరల్ మేనేజర్ దగ్గరికి వెళ్లింది. అట్టపెట్టె స్టోర్‌లోకి వెళ్లిపోయింది. రిపోర్టు నేను రాయలేదు, ఆయన మళ్లీ అడగలేదు.

మర్నాడు విందు ఆవిడ కోరినట్టే జరిగింది. గడ్డి లంగాలు లేవు. ఒమానీ ఆడవాళ్లు కొందరు లేయిని మెడలో వేసుకోకుండా చేతికి చుట్టుకున్నారు, ఆవిడ అదీ బాగుందంది. అతిథులు రాకముందే నలుగురినీ పిలిచి ఆ పాత లేయిలే మళ్లీ వేసింది. వేసి, రాజయ్యతో సహా ఎవరి ముఖమూ చూడకుండా గిరుక్కున తిరిగి సముద్రం వైపు నడిచి వెళ్లిపోయింది. తీసేయదలచినవాళ్లకు వీలుగా ఉండాలని అలా వెళ్లిందని నాకు అర్థమైంది. రాజయ్యకూ అర్థమైంది. చేయి మెడ దాకా వెళ్లింది, అక్కడే ఆగింది. ఆ రాత్రి విందు ముగిసేదాకా అతను అంచులు గోధుమరంగుకు తిరిగిన ఆ పూలతోనే కుర్చీలు మోశాడు, నేల తుడిచాడు, ఎదురొచ్చిన ప్రతివాడి ముందూ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆవిడ దూరం నుంచి చూస్తూనే ఉంది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పని నాదే. ఏ దేశపు అతిథికి ఏది ఎలా అందించాలో చెప్పే కాగితాలు ప్రతి హోటల్లోనూ ఉంటాయి. పుచ్చుకునే మనిషికి కూడా ఒక పద్ధతి ఉంటుందని వాటిలో ఎవరూ రాయరు. నేనూ రాయలేదు, అలాంటివి రాస్తే తెమిలేవి కావు. ఒక్కటి మాత్రం చేశాను. ఎవరో ఎవరి గౌరవాన్నో కాలదన్నారని నా బల్ల మీదికి రిపోర్టు వచ్చినప్పుడల్లా, ఎవరూ చూడనప్పుడు ఆ మనిషి దాన్ని ఏం చేశాడో కనుక్కున్నాకే సంతకం పెట్టాను.