మామయ్యగారి విమానాలు

విమానం చప్పుడు వినిపిస్తే నేను ఇప్పటికీ తలెత్తి చూడలేను. ఇన్నేళ్లుగా గుండెల్లో మోస్తున్న ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రామచంద్రపురం. మా మామయ్యగారు రేడియోల మనిషి, ఇంట్లోంచే రేడియోలో దూరదేశాల వాళ్లతో మాట్లాడుకునే హామ్ లైసెన్సు ఉండేది. ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఎక్కణ్ణుంచో ఒక సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చారు. విమానాలు పంపే సంకేతాలను రేడియో పట్టుకుంటే, ఆ కీచు చప్పుడు వైరు గుండా కంప్యూటర్‌లోకి వెళ్లి, తెరమీద విమానం నంబరుగా పడుతుంది. ఏరియల్, వైర్ల అతుకుల సోల్డరింగ్ ఆయన వంతు. కంప్యూటర్ సెట్టింగులు నా వంతు. మొదటి నంబరు పడినరోజు పెరుగన్నం చేత్తోనే డాబా ఎక్కేశారు. "కలకత్తా వాడు మన నెత్తిమీంచే వెళ్తున్నాడే!" అని అత్తయ్యగారిని కేకేశారు.

ఆ తర్వాత సాయంత్రమైతే చాలు, కంప్యూటర్ ఆయనదే. నాకూ ఆ గంటే తీరిక, స్నేహితురాళ్లతో చాటింగ్ చేసుకునేది అప్పుడే. అడిగితే ఇచ్చేవారు కాదా? నవ్వుతూ లేచేవారు. కానీ నేను అడుక్కోవాలా అని పొగరు. ఒకరోజు సౌండ్ సెట్టింగుల్లో రేడియో వైరు ఉన్నచోట టిక్కు తీసేసి, ఏమీ తగిలించని మైకు మీద పెట్టాను. అంతే. రేడియో కూస్తూనే ఉంది, తెర మాత్రం ఖాళీ. రెండ్రోజుల్లో సరిచేద్దాంలే అనుకున్నాను.

ఆయన నన్ను అనుమానించలేదు. తననే అనుమానించుకున్నారు. ఏరియల్ దింపి, అతుకులన్నీ విప్పి మళ్లీ వేశారు. అప్పటికే చేతులు కొంచెం వణికేవి. వేలు కాల్చుకున్నారు. మందు రాసింది నేనే.

"కంప్యూటర్‌లో ఏవన్నా తేడా ఉందేమో ఒకసారి చూడమ్మా," అన్నారు.

చూసినట్టు నటించాను. "అంతా బాగానే ఉందండి మామయ్యగారూ," అన్నాను.

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు. "అయితే వీటి పనేలే. ఇంక కుదరదమ్మా."

మర్నాడు టిక్కు సరిచేద్దామని కూర్చుంటే టేబుల్ మీద రేడియో లేదు. పొద్దున్నే తెలిసినవాళ్లకి ఇచ్చేశారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? వెళ్లి తెచ్చుకునేవారే. తిడతారన్న భయమా అంటే, ఆ మనిషికి తిట్టడం కూడా చేతకాదు. "పోన్లే అమ్మా" అని నవ్వేస్తారనీ, ఆ నవ్వు చూసి నేను బతకలేననీ, చెప్పకుండా ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఏ రేడియో ముట్టుకోలేదు. ఇంట్లో ప్లగ్గు పాడైనా "నా చేతులు పనికిరావు, ఎవర్నైనా పిలవండి" అనేవారు. ఇంటికొచ్చినవాళ్లతో "మా కోడలు ఎంత కష్టపడిందో పాపం, నావల్లే కాలేదు" అని చెప్పేవారు. నేను పక్కనే నిలబడి కాఫీలు అందించేదాన్ని. ఏం మనిషినండీ నేను!

ఆయన పోయి చాలా కాలమైంది. చివరిదాకా ఆయనకి అన్నం కలిపి పెట్టింది నేనే. మా నాన్నకంటే ఎక్కువగా ప్రేమించాను. అలా అన్నంత మాత్రాన చేసింది చిన్నదవుతుందా? అవదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి పైకి అననివ్వండి, చాలు.

మామయ్యగారూ, మీరు వేసిన అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. నేనే ఆపేశాను.