బెల్లం అచ్చంత పాప

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన చుట్టాలలో నన్ను తూకం వెయ్యనివాళ్ళు లేరు. గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటూనే ఒకసారి పైనుంచి కిందికి చూసేవారు. "ఏంది, ఈ పాప మళ్ళా ఒళ్ళు చేసిండాదే" అని మా అమ్మతో అనేవారు, నేను అక్కడ లేనట్టే. మా ఊరు సిరుగుప్ప తాలూకాలో, కెంచనగుడ్డకు దగ్గర, ఏటి గట్టున. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నన్ను లావు అనడానికి రెండు భాషల్లోనూ మాటలకు కొదవ లేదు. బడిలో నా పేరు డుమ్మి. కన్నడంలో లావుపాటి పిల్లను అలా అంటారు. పంతులుగారు హాజరు పిలిచేటప్పుడు తప్ప నా అసలు పేరు ఎవరి నోటా వినిపించేది కాదు. నలుగురు పట్టే బెంచీలో నేను చివరన, సగం బయటికే కూర్చునేదాన్ని, ఎవరికీ ఇరుకు కాకూడదని. పదకొండేళ్ళ పిల్లకు అంత మర్యాద ఎందుకో. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద జాలి వేస్తుంది, కాస్త కోపం కూడా వస్తుంది.

ఆ ఏడు పత్తి బాగా పండింది. పంట ఇల్లు దాటిన మరునాడే మా అవ్వ, అంటే మా నాన్నకు అమ్మ, ఒక మాట బయటపెట్టింది. నేను పుట్టినప్పుడు ఆమె ఏటి ఒడ్డు గుడిలో మొక్కుకుందట, ఈ పిల్ల బతికి బట్టకడితే దీని ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. నడుమ కరువులు వచ్చి మొక్కు వెనక్కి పడుతూ వచ్చింది. ఇక ఆగేది లేదు, వచ్చే సోమవారమే తులాభారం అని తేల్చేసింది. త్రాసులో ఒక తట్టలో నన్ను కూర్చోబెట్టి, ఇంకో తట్టలో బెల్లం పేర్చి, సరితూగిన బెల్లాన్ని ఊరందరికీ పంచాలి.

బెల్లం పంచుతారంటే బడి బడంతా వస్తుంది. వాళ్ళందరి ముందు నేను త్రాసులో కూర్చోవాలి. నా తట్ట నేలకు అతుక్కుని లేవదు, ఇంకా తెండి, ఇంకా తెండి అని ఎవరో అరుస్తుంటారు. ఆ దృశ్యం పగలంతా నా కళ్ళ ముందే ఉండేది. మా తరగతిలో ఒక పిల్ల అప్పుడే అడిగేసింది, బెల్లం ఎన్ని బండ్లలో తెస్తున్నారని.

సోమవారానికి ఎనిమిది రోజులు ఉన్నాయి. ఈలోపల సన్నబడాలని నిశ్చయించుకున్నాను. జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నట్టే చేసి, ఒడిలో దాచి, పెరట్లో కుక్కకు వేసేదాన్ని. సంగటి చేసిన రోజు కడుపునొప్పి అనేదాన్ని. ఆకలేస్తే కుండలో నీళ్ళు ముంచుకుని తాగేదాన్ని. ఐదో రోజు బిందె ఎత్తుతుంటే కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను గాని ఎవరికీ చెప్పలేదు. పైగా లోలోపల సంతోషం, తగ్గుతున్నానని. నిజానికి నేను తగ్గింది ఎవరికీ కనబడలేదు గాని కుక్క మాత్రం నిగనిగలాడింది. నేను ఎక్కడికి వెళితే అక్కడికి తోకాడిస్తూ వెంటపడేది.

ఆదివారం మధ్యాహ్నం బెల్లం వచ్చింది. నడవలో గోనెపట్టాలు పరిచి అచ్చులు దించి వెళ్ళారు. ఇంట్లో వాళ్ళందరూ తలా ఒక పని మీద బయటికి పోయాక, చీమలు దులుపుదాం రమ్మని అవ్వ నన్ను పిలిచింది. నేను వెళ్ళలేదు. వాకిలికి ఆనుకుని నిలబడి, రేపు నేను త్రాసులో కూర్చోను అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. అడగకపోయేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అందరూ నవ్వుతారు, నాకీ ఒళ్ళు వద్దు అన్నాను. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ పైకి అనలేదు. నా నోటినుంచి వింటే నాకే భయం వేసింది.

అవ్వ ఓదార్చలేదు. ఆమె ఓదార్చే మనిషి కాదు, ఏడ్చేవాళ్ళకు పని చెప్పే మనిషి. అచ్చులన్నీ అటూ ఇటూ జరిపి, అన్నిటిలోకీ చిన్నదాన్ని వెతికి తీసింది. తన పాత చీర పేలిక మీద గుప్పెడు దూది పరిచి, అచ్చును అందులో పెట్టి, పసిపిల్లను చుట్టినట్టు చుట్టి నా చేతుల్లో పెట్టింది.

"అట్ల కాదు, తల కింద చెయ్యి పెట్టు" అంది.

ఎవరి తల అని అడిగాను, ఏడుపులోనే.

"నీదే. ఇంతే ఉంటివి నువ్వు. ఇంకా తక్కువేనేమో."

నేను చేతులు కదపకుండా నిలబడిపోయాను. అవ్వ చీమలు దులుపుతూనే చెప్పుకుపోయింది. నేను నెలలు నిండకుండానే పుట్టానట. మంత్రసాని నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుందట. పాలు పీల్చే సత్తువ కూడా లేకపోతే, దూదిని పాలలో ముంచి పెదాల మీద చుక్క చుక్కగా పిండేవారట. చేటలో పడుకోబెట్టి ఎత్తితే, చేట ఖాళీగా ఉన్నట్టే ఉండేదట.

"దినామూ తెల్లారుతూనే నిన్ను రెండు చేతుల్లో ఎత్తి చూసుకుంటాంటి, నిన్నటికంటే రవ్వంత బరువుండావా లేదా అని. ఉండావనిపిస్తే ఆ పొద్దు నాకు అన్నం సయిస్తాండె. లేదంటే లేదు. అట్ల అడిగి అడిగి తెచ్చుకున్న బరువమ్మీ ఇది." నా వైపు చూడకుండానే అంది. "దాన్ని తీస్కపోయి నువ్వు కుక్కకేస్తాండావు."

ఆమెకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. అవ్వ లేచి రెండు రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఇంత వెన్న తెచ్చి నా ముందు పెట్టింది. నేను తినేదాకా అక్కడినుంచి కదలలేదు. కుక్క పెరటి వాకిలి దగ్గర కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మరునాడు గుడి ముందు మూడు గుంజలు నిలబెట్టి, పత్తి తూచే పెద్ద త్రాసును వేలాడదీశారు. నేను ఎక్కి కూర్చోగానే నా తట్ట దిగి నేలకు తగిలింది. పిల్లలు నవ్వారు. ఎవరో డుమ్మి అన్నది కూడా వినిపించింది. ఎనిమిది రోజులు ఏది తలచుకుని భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది. నేను తల వంచుకుని గొలుసు పట్టుకున్నాను. అవ్వ బెల్లాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. మొదట దూది చుట్టిన ఆ చిన్న అచ్చును పేలికతో సహా తెచ్చి ఎదుటి తట్టలో పెట్టింది. తరువాత ఒక్కొక్కటే. పెట్టినప్పుడల్లా నాకు మాత్రమే వినబడేలా ఏదో అంటోంది. ఇది పండ్లొచ్చిన దినం. ఇది అడుగులేసిన దినం. ఇది అమ్మవారు పోసి తేరుకొని, బువ్వ అడిగిన దినం. నేను తలెత్తి వినసాగాను. నవ్వులు ఆగాయో లేదో నాకు తెలియదు. నా తట్ట కదిలి, నేలను వదిలి, మెల్లగా లేచింది. త్రాసు ముల్లు నడిమికి వచ్చి నిలబడింది. అక్కడికి మొక్కు తీరినట్టే. అయినా అవ్వ ఇంకో అచ్చు తెచ్చి పెట్టింది. ఇదెందుకమ్మా అని పూజారి అడిగితే, "రేపటికి" అంది.

ఆ అచ్చుతో నేను అందరికంటే పైకి లేచాను. గొలుసులు పట్టుకుని ఊగుతూ నవ్వాను.

ఆ ఒక్క రోజుతో నాకు ధైర్యం వచ్చేసిందని చెబితే అబద్ధం. మంగళవారం బడిలో నేను మళ్ళీ డుమ్మినే, ఏడో తరగతి దాకా ఆ పేరు పోలేదు. కానీ ఆ రోజు బెంచీ మీద నిండుగా కూర్చున్నాను. బండ్ల గురించి అడిగిన పిల్ల బుగ్గలో ఇంకా మా బెల్లం ముక్క ఉంది. జరుగు అన్నాను, జరిగింది.

ఇప్పుడు బళ్ళారి గాంధీనగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మోకాళ్ళ కోసం కాస్త తగ్గమని డాక్టరు చెబితే అన్నం తగ్గించి, పొద్దున పూట నడిచాను. అది వేరే సంగతి, ఒంటి మీద కోపంతో చేసింది కాదు. ఈ మధ్య జబ్బు చేసి రెండు నెలలు మంచం పట్టాను. లేచేసరికి జాకెట్లన్నీ వదులైపోయాయి. చూడవచ్చిన వాళ్ళు గుమ్మంలోనే నన్ను పైనుంచి కిందికి చూసి, "బాగా సన్నబడినారు, ఇప్పుడు బాగుండారు" అంటున్నారు. పుట్టి ఇన్నేళ్ళకు నా తూకానికి దక్కిన మెచ్చుకోలు, అదీ జబ్బు పుణ్యాన. నవ్వి ఊరుకుంటాను, కాఫీ ఇప్పిస్తాను. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం అవ్వ చేతులు గుర్తుకొస్తాయి. ఆమె ఉండి ఉంటే తెల్లారుతూనే నన్ను ఎత్తి చూసుకునేది, నిన్నటికంటే తగ్గానని తెలిసి ఆ పొద్దు ఆమెకు అన్నం సయించేది కాదు. అది తలచుకుని, ఆకలి లేకపోయినా, లోపలికి వెళ్ళి ఇంకో రొట్టె పెట్టించుకుంటాను.