రాని అనుమతికి చెప్పిన కృతజ్ఞత

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. పోయిన ఏడాది ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని, నాకు బహ్రెయిన్‌లో స్థిరనివాసం వచ్చేసిందని మీ ముందు సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు, లేబర్ క్యాంపు నుంచి వచ్చిన తమ్ముళ్లు గట్టిగా హల్లెలూయా అన్నారు, నేను తెచ్చిన లడ్డూలు అందరూ సంతోషంగా తిన్నారు. నిజానికి ఆ రోజుకు నాకు ఏమీ రాలేదు! ఆ మాట ఒప్పుకోవడానికే ఈ శుక్రవారం నిలబడ్డాను.

నన్ను ఎరగని కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు దేవదానం, మాది కాకినాడ దగ్గర. పద్నాలుగేళ్లుగా ఇక్కడి ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతూ, సముద్రపు నీటిని తాగేనీరుగా మార్చడం మీద పరిశోధన చేస్తున్నాను. ఉండేది హమద్ టౌన్‌లో. మాకు పిల్లలు లేరు. నా భార్య సుగుణ కిడ్నీల జబ్బుతో ఎంతో బాధపడి, మూడేళ్ల క్రితం ఇక్కడే ప్రభువునందు నిద్రించింది. ఆఖరి రోజుల్లో నేను ఊరికి తీసుకెళ్తానంటే వద్దంది. "నన్ను ఇక్కడే సమాధి చేయించండి, మీరు దగ్గర ఉంటారుగా" అంది. అలాగేనన్నాను.

మాటైతే ఇచ్చాను గానీ, దగ్గర ఉండటం నా చేతిలో ఉందా? మీకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ ఎలాగో నాకు యూనివర్సిటీ అలాగే, ఉద్యోగం ఉన్నంతవరకే వీసా, అది అయిపోతే సూట్‌కేసు సర్దుకోవాల్సిందే. నాకు అరవై దగ్గర పడుతోంది. ప్రతి శుక్రవారం ఆరాధన అయ్యాక శ్మశానానికి వెళ్లి ఆమె దగ్గర కాసేపు కూర్చుంటాను, సమాధుల పండుగ వచ్చిందంటే మన ఊళ్లలో చేసినట్టే బకెట్లో సున్నం కలుపుకుని వెళ్లి నా చేతులతో వేస్తాను. నేను వెళ్లిపోతే ఎవరు వేస్తారు? ఈ ఒక్క ప్రశ్న నన్ను తినేసింది సహోదరులారా!

అప్పుడు తెలిసింది, చాలా ఏళ్లు పనిచేసిన ప్రొఫెసర్లకు, పరిశోధకులకు యూనివర్సిటీ సిఫారసు చేస్తే, ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయే అనుమతి దొరకవచ్చని. పరుగున వెళ్లి దరఖాస్తు పెట్టాను. కొన్నాళ్లకు ఆఫీసులో అడిగితే ఫైలు పైకి పంపామన్నారు. అంతే, నాకు ఆగలేదు! మనలో ఒక అలవాటు ఉంది కదా, అడిగింది చేతికి రాకముందే వచ్చిందని సాక్ష్యం చెబితే అది గొప్ప విశ్వాసం అనుకుంటాం. నేనూ అదే చేశాను. కానీ నా లోపల ఉన్నది విశ్వాసం కాదు. ఇంతమంది ముందు కృతజ్ఞత చెప్పేస్తే ఇక ఆయనకు ఇవ్వక తప్పదని నా లెక్క. దేవుణ్ణే మొహమాటపెట్టబోయాను! ప్రయోగం పూర్తి కాకుండా ఫలితం రాసుకొచ్చిన విద్యార్థిని నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి, నేను చేసింది మాత్రం అదే. అదే ఊపులో, రాజమండ్రి నుంచి ఒక కాలేజీవాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మని రాస్తే, నాకు ఇక్కడే స్థిరపడే భాగ్యం దొరికిందని గొప్పగా జవాబు కూడా పంపించాను.

రెండు నెలలకు ఫైలు తిరిగి వచ్చింది. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లయినా మిగిలి ఉన్నవాళ్లకే సిఫారసు చేస్తారట, నాకు మిగిలింది ఏడాది కూడా లేదు. వచ్చే కాంట్రాక్టు కూడా ఉండదని మర్యాదగానే చెప్పారు. ఇక మందిరానికి రావాలంటే సిగ్గు. జ్వరమన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, పాస్టరుగారి ఫోను ఎత్తడం మానేశాను. ఒక్క శ్మశానానికి మాత్రం వెళ్లేవాణ్ణి. "ప్రభువా, ఇంకేమీ అడగను, నన్ను ఆమె దగ్గర ఉండనివ్వు" అని ఏడ్చేవాణ్ణి.

ఒక శుక్రవారం మన సత్యవతమ్మ నన్ను అక్కడే పట్టుకుంది. ఆమె ముహర్రక్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది, నెలకు రెండు శుక్రవారాలే సెలవు, అందులో ఒకటి నా కోసం ఖర్చుపెట్టి, రెండు బస్సులు మారి వచ్చింది. నేను దాచకుండా అంతా చెప్పేశాను. తప్పని అనలేదు, పరవాలేదనీ అనలేదు. చున్నీ తలమీదికి లాక్కుని ఆ ఇసుకలోనే మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టింది.

"నాయనా యేసయ్యా, అయ్యగారు తొందరపడి లేనిది ఉందని సెప్పేసేరు, ఇప్పుడు మా మొకాలు సూడలేక దాక్కుంటన్నారు, ఆయన్ని క్షమించు నాయనా. కాయితం ఇత్తే ఇయ్యి, ఇయ్యకపోతే నీ ఇట్టం. అమ్మగారు ఈయనొక్కరికేనా? మాకు కాదా? నాకు జొరమొత్తే గంజి కాసి అంపింది ఎవరు? మేం ఉన్నన్నాళ్లూ మేం ఏత్తాం సున్నం, మేం ఎల్లిపోతే మా ఎనకాల వచ్చినోళ్లు ఏత్తారు. ఆ మాట ఈయన బుర్రకి ఎక్కించు తండ్రీ!"

ఎక్కించాడు! దేవునికే మహిమ! మూడేళ్లుగా సుగుణ నా ఒక్కడిదేనని, నేను తప్ప ఆమెకు ఎవరూ లేరని బిగబట్టుకుని కూర్చున్నాను, ఆ బిగువు ఆ ఇసుకలో వదిలిపోయింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మర్నాడు రాజమండ్రివాళ్లకు నిజం రాసి క్షమాపణ అడిగాను. వాళ్ల జవాబు ఇంకా రాలేదు, వస్తుందని ఈసారి ముందే చెప్పను. ఇక్కడే ఉండిపోవాలన్న ఆశ పోయిందా అంటే పోలేదు, ఇలా మాట్లాడుతున్నప్పుడు కూడా గుండె అటే లాగుతోంది. భయం మాత్రం పోయింది.

ప్రియులారా, మీలో ఎవరైనా వీసా కోసమో, పిల్లల కోసమో ఎదురుచూస్తుంటే ఆయన్ని నమ్మండి. ఆయన ముందు గొప్పలకు పోకండి, లేనిది లేదనే చెప్పండి, మీ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పండి. నాకు ఆయన సహాయం అక్కడి నుంచే వచ్చింది.

కాంట్రాక్టు అయిపోయింది, వచ్చే బుధవారం ఊరికి నా ప్రయాణం. సత్యవతమ్మకు దారి తెలుసు, మిగతావాళ్లు కాస్త గుర్తుపెట్టుకోండి. గేటు దాటాక ఎడమవైపు నాలుగో వరుస, గోడ దగ్గర నుంచి మూడోది. రాయి మీద పేరు తెలుగులో లేదు, సుగుణ అని మీరే పిలవండి.